కన్నబిడ్డకు థాంక్సేమిటి?

ప్రశ్న: మావారికి డెబ్బై దాటాయి. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం, మందులు, బిల్లులు అన్నీ మా అమ్మాయే చూసుకుంటుంది. అబ్బాయి దూరంగా ఉంటాడు. మొన్న అమ్మాయి ‘నేనేం చేసినా మీ కంటికి ఆనదు’ అనేసింది. సొంత బిడ్డకు థాంక్స్ చెబితే పరాయిదాన్ని చేసినట్టు కాదా?

జవాబు: చెప్పండమ్మా. మన మనసులో ఉన్నది వాళ్లకు తెలిసే ఉంటుందిలే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో ఒక సంగతి తేలింది: కృతజ్ఞత చెప్పేవాళ్లు ఎదుటివారికి కలిగే సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా ఊహించుకుంటారు.

థాంక్స్ అనే మాట ఎబ్బెట్టుగా ఉంటే వాడక్కర్లేదు. ఆమె చేసిన పనేదో, దానివల్ల మీకేం తేలికైందో చెప్పండి. ‘పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టావు కదా, డాక్టరుగారు అడగ్గానే చేతికందాయి. లేకపోతే మీ నాన్న కంగారుపడిపోయేవారు.’ ఇంతే, అదీ ఆ రోజే. ‘నువ్వు బంగారం’ అంటే ఏం చూసి అన్నారో ఆమెకు తెలియదు. పైగా బంగారం అనిపించుకున్నాక ‘ఈ వారం నావల్ల కాదు’ అనడానికి నోరు రాదు.

మెచ్చుకోలు బెడిసికొట్టేది ఎక్కువగా దాని వెనకొచ్చే ముక్కతోనే. ‘బాగానే చేశావు గానీ, కాస్త ముందొస్తే బాగుండేది’ అంటే ఆమెకు గుర్తుండేది రెండోదే. వారానికి సరిపడా మాత్రలు ఆమె డబ్బాలో సర్దాక, ఎదురుగానే అన్నీ బయటికి తీసి లెక్కపెట్టడమూ అంతే. (మందులు సరిచూడాల్సిందే, సర్దేటప్పుడే ఇద్దరూ కలిసి చూడండి.) మెచ్చుకున్న నోటితోనే ఇంకో పని పురమాయించకండి. రెండుసార్లు అలా జరిగిందంటే, మీరు నోరు తెరవగానే ‘ఇప్పుడేం కావాలి’ అనుకుంటుంది.

ఇక అబ్బాయి. వాడి ఫోనొస్తే మురిసిపోయి, రోజూ కళ్లెదుట ఉన్న పిల్ల గురించి ఒక్క మాటా అనకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. వాడితో మాట్లాడేటప్పుడు అమ్మాయి చేసింది చెప్పండి, ఆమెకు వినబడేలా. అలాగని ‘వాడికంటే నువ్వే నయం’ అనొద్దు. బిల్లులు కట్టడం, అపాయింట్‌మెంట్లు, బీమా కాగితాల పని దూరం నుంచీ అవుతాయి. అవి అతనికి అప్పగించండి. అమ్మాయి అన్న మాటలో అలుపు కూడా ఉంది. దానికి పొగడ్త చాలదు, వారంలో ఒక రోజైనా మీ పనేదీ లేకుండా వదలాలి.

ప్రశ్న: ఇంటి మరమ్మతులకు వచ్చిన మా అబ్బాయికి డబ్బివ్వబోతే నొచ్చుకున్నాడు. తప్పు చేశానా?

జవాబు: ఖర్చు వేరు, కష్టం వేరు. సామాన్లకీ పెట్రోలుకీ అతని జేబులోంచి పోయింది అడిగేదాకా ఆగకుండా ఇచ్చేయండి, ‘ఇది సామాన్లకు’ అని చెప్పి మరీ. కష్టానికి మాత్రం నోటు చేతిలో పెడితే కూలి ఇచ్చినట్టే ఉంటుంది. ఎక్కడేం బిగించాడో చూపించమనండి, పక్కన నిలబడి చూడండి.