మిస్సైళ్ల కాలంలో నేవీకి తెరచాప ఓడ దేనికి?

"ఫొటోలకి తప్ప తెరచాప ఓడ వల్ల నేవీకి ఏం లాభం, అందులో మన వారసత్వం ఏముంది?" అని అడిగారు. ట్రైనింగ్‌లో నేవీ తెరచాప ఓడ ఐఎన్‌ఎస్ తరంగిణి మీద పనిచేశాను కాబట్టి చెబుతున్నా.

ఫొటోలకి బాగుంటుంది, కాదనను. కానీ మాస్టు, అంటే తెరచాపల్ని మోసే నిలువు స్తంభం, ఎక్కాక ఫొటో సంగతి గుర్తుండదు. యార్డు అంటే మాస్టుకి అడ్డంగా ఉండే దూలం. దాని కింద వేలాడే తాడు మీద నిలబడి, పొట్ట యార్డుకి ఆనించి, ముందుకి వంగి రెండు చేతులతో తెరచాప మడవాలి. పడిపోకుండా కట్టుకునే హార్నెస్ ఉన్నా కాళ్లు వణుకుతాయి. పైగా అందరం నిలబడేది ఒకే తాడు మీద, పక్కవాడు కాలు పెట్టగానే మన కాళ్ల కింద తాడు ఎగురుతుంది, అందుకే ఎక్కేముందు గట్టిగా కేకేసి చెప్పాలి. చెప్పకుండా ఎక్కినవాడికి కిందికి దిగాక పడే తిట్లు ఇక్కడ రాయలేను. అలా కొన్నాళ్లు తిరిగాక గాలి ఎటు మళ్లిందో చెంపకే తెలిసిపోతుంది. తర్వాత యుద్ధనౌకని జెట్టీకి చేర్చేటప్పుడు, గాలి మమ్మల్ని ఎటు నెడుతోందో స్క్రీన్ చూడకముందే తెలిసేది. నా మటుకు అసలు లాభం అదే, అందరూ చెప్పే టీమ్ స్పిరిట్ దాని తర్వాతే.

ఇంకోటి, మన నేవీలో మొదట భూగోళాన్ని చుట్టి వచ్చింది యుద్ధనౌక కాదు, 2003-04లో ఈ తరంగిణే. పరాయి రేవులో ఇలాంటి ఓడ ఆగితే జనం పిల్లల్ని వెంటేసుకుని చూడ్డానికి వస్తారు, ఎవరికీ టెన్షన్ ఉండదు.

వారసత్వం దగ్గరే నాకు పేచీ. 54 మీటర్ల ఈ ఓడని గోవా షిప్‌యార్డ్ కట్టింది, 1997లో నేవీలో చేరింది. కానీ డిజైన్ కాలిన్ మ్యూడీ అనే బ్రిటిష్ ఆయనది, మూడు మాస్టుల ఆ వాలకం బార్క్ అనే యూరప్ రకం తెరచాప ఓడది. 2012లో వచ్చిన దీని చెల్లెలు ఓడ సుదర్శినిదీ అదే పోలిక. మన పాత ఓడ చూడాలంటే శాతవాహనుల నాణేల మీద రెండు మాస్టులది ఉంది. లేదా 2025లో నేవీ తీసుకున్న కౌండిన్య అనే ఓడని చూడండి: అజంతా చిత్రం ఆధారంగా, పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టారు. గోదావరి దగ్గర కోరంగి, తాళ్లరేవుల్లో కూడా చెక్క ఓడలు కట్టినవాళ్లున్నారు, ఆ పనితనంతో నేవీ ఒక ఓడ కట్టిస్తే బాగుండునని నాకెప్పటి నుంచో ఉంది.