మనకి ఎవరైతే మంచిది, అక్కా?

సందేహం: అక్కా, నేను ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఎమ్మెస్ అయిపోయి హెచ్‌-1బి మీద మూడో ఏడు. ఆఫీసులో లంచ్ దగ్గర అప్పుడే 2028 ప్రైమరీల (అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికల) మాటలు మొదలుపెట్టారు. డెమోక్రాట్లలో ఎవరెవరివో పేర్లు చెబుతున్నారు. నాకేమో అందరూ ఒకే మాట మాట్లాడుతున్నట్టు ఉంది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే తలో పేరూ చెప్పి చివరికి వాళ్లలో వాళ్లే తిట్టుకున్నారు. అసలు వీళ్లని ఎలా పోల్చి చూడాలి? మనకి ఎవరైతే మంచిది?

జవాబు: తమ్ముడూ, నేను 2000 అక్టోబరులో హెచ్‌-4 (హెచ్‌-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద డాలస్‌లో దిగాను. పెళ్లయి నాలుగు నెలలు. వంట తప్ప పని లేదు, టీవీ పెడితే ఎన్నికలే. అప్పటి నుంచి పోటీ గట్టిగా నడిచిన డెమోక్రటిక్ ప్రైమరీలు నాలుగు చూశాను. మొదటి రెండింటికీ నాకు ఓటు లేదు. ఓటు వచ్చాక వేసిన రెండింటిలో ఒకటి చేజేతులా పాడుచేసుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు నీ కాగితాల మాట. హెచ్‌-1బి మీద, ఎఫ్‌-1 (చదువు వీసా) మీద ఉన్నవాళ్లు ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా విరాళం ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అభిమానం పొంగి వెబ్‌సైట్లో ఇరవై డాలర్ల బటన్ నొక్కావనుకో, కింద ‘నేను అమెరికా పౌరుణ్ని, లేదా గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ని’ అనే గడిలో టిక్కు పెట్టాల్సి వస్తుంది. ఆ టిక్కు అబద్ధం. గ్రీన్‌కార్డు వాళ్లు డబ్బు ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయలేరు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఇల్లిల్లూ తిరగడం, ఫోన్లు చేయడం నువ్వూ చేయొచ్చు. ఇంకొకటి, డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరుగా నమోదు చేయమంటారా అని ఒక ప్రశ్న ఉంటుంది. వెనకాల లైను ఉందని గబగబా అన్నిటికీ ‘యస్’ కొట్టకు. పౌరుడు కానివాడు పౌరుణ్ని అని చెప్పుకుంటే గ్రీన్‌కార్డు దారే మూసుకుపోవచ్చు, తిప్పి పంపించేయనూ వచ్చు. ‘పొరపాటున పెట్టాను సార్’ అంటే వినే చోటు కాదది.

ఇక అసలు విషయం. అందరూ ఒకేలా మాట్లాడుతున్నారన్నావు. మాట్లాడతారు మరి, ఒకే పార్టీ వాళ్లు. మన దగ్గర బీ-ఫారం ఎవరికి ఇవ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, ఆఖరి రోజు రాత్రి దాకా గాంధీభవన్ దగ్గర కార్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ ఆ బీ-ఫారం ఎవరికో ఓటర్లే తేలుస్తారు, రాష్ట్రం తర్వాత రాష్ట్రం, నెలల తరబడి. ఒక ఇంట్లో అన్నదమ్ముల పోటీ లాంటిది. ఇల్లు బాగుండాలని అందరూ అంటారు. తేడా ఎలా, ఎవరి డబ్బుతో అనే దగ్గర వస్తుంది.

2020 జనవరిలో ఒక ఆదివారం మా వంటింటి బల్ల మీద ఇదే పంచాయితీ జరిగింది. మా మరిదికి రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ ఉంది. ఇన్సూరెన్స్ తనే కొనుక్కోవాలి. మా ఆయనకి కంపెనీ ఇన్సూరెన్స్, మంచిదే. మా అమ్మాయి ఆ ఏడు కాలేజీలో చేరబోతోంది. మా అబ్బాయి పాత రఫ్ నోట్‌బుక్ తీసి ఆ ఏడు పోటీలో ఉన్న డెమోక్రాట్ల పేర్లు రాశాను. బెర్నీ శాండర్స్: మెడికేర్ ఫర్ ఆల్, నాలుగేళ్లలో అందరినీ ఒకే ప్రభుత్వ పథకంలోకి తెస్తాను, కంపెనీ ఇన్సూరెన్సులు ఉండవు, పన్ను పెరుగుతుంది కానీ ప్రీమియం, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి పోయేది) ఉండవు. ఎలిజబెత్ వారెన్: గమ్యం అదే, కాకపోతే మధ్యతరగతి మీద పన్ను వేయను, 5 కోట్ల డాలర్లు దాటిన ఆస్తి మీద ఏటా రెండు శాతం వసూలు చేస్తాను. ఆమె 2019 నవంబరు మొదట్లో డబ్బు లెక్కంతా బయటపెట్టి, రెండు వారాలు తిరిగేసరికి ముందు కోరుకున్న వాళ్లకిస్తాను, అందరికీ చట్టం మూడో ఏడాదిలో అన్నారు. పీట్ బుటిజెజ్: కావాల్సిన వాళ్లు చేరండి, అక్కర్లేని వాళ్లు ఉన్న ఇన్సూరెన్స్ ఉంచుకోండి. జో బైడెన్: ఒబామాకేర్‌నే (ఒబామా తెచ్చిన 2010 ఆరోగ్య బీమా చట్టాన్నే) పెంచుతాను, పబ్లిక్ ఆప్షన్ (కావాలంటే కొనుక్కునే ప్రభుత్వ ఇన్సూరెన్స్) పెడతాను, బయట కొనుక్కునే వాళ్ల ప్రీమియం ఆదాయంలో 8.5 శాతం దాటనివ్వను.

మరిది నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని ఆ 8.5 కింద గీత గీశాడు. మా ఆయన శాండర్స్ పేరు చుట్టూ సున్నా చుట్టారు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ కూడా పోయే ఈ బతుకేంటి అని ఆయన వాదన, 2009లో లేఆఫ్ అయి మూడు నెలలు కోబ్రా ప్రీమియం (ఉద్యోగం పోయాక పాత కంపెనీ ఇన్సూరెన్స్ ఉంచుకోవడానికి సొంతంగా కట్టేది) కట్టిన మనిషి కదా. అమ్మాయికి కాలేజీ ఫీజు మాఫీ మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. ఒకే బల్ల, ఒకే పప్పుచారు, ముగ్గురికీ మూడు రకాల అవసరాలు. కాబట్టి ‘మనకి’ ఎవరు మంచిది అని నన్ను అడిగితే నేను చెప్పలేను. నీ అవసరం ఏమిటో నువ్వు రాసుకో, దానికి ఎదురుగా వాళ్ల మాట రాసుకో.

ఆ నోట్‌బుక్‌లో చివరి గడి నా సొంతం. ప్రతి హామీ పక్కనా ‘సంతకం’ అనో ‘సభ’ అనో రాస్తాను. అంటే ఇది అధ్యక్షుడి సంతకంతో, ఆయన కింద పనిచేసే శాఖల నిబంధనలతో అయిపోయేదా, లేక కాంగ్రెస్‌లో (అంటే ఇక్కడి పార్లమెంటులో) రెండు సభలూ ఒప్పుకుంటే తప్ప కానిదా అని. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఈ ఒక్క గడి చూడక మోసపోతారు.

నీకు తగిలే ఉదాహరణే చెబుతాను. నేను వచ్చినప్పుడు హెచ్‌-4 మీద ఉన్న ఆడవాళ్లకి పని చేసే హక్కు లేదు. ఎంసీఏ సర్టిఫికెట్ సూట్‌కేసులో పెట్టుకుని ఏళ్లు గడిపాను. 2015 మేలో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చి, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం వచ్చిన వాళ్లకి ఆ అనుమతి ఇచ్చింది. కాంగ్రెస్ ఓటు అక్కర్లేదు, అది ‘సంతకం’ గడి. సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోయే ప్రమాదం ఉంటుందనుకో, అది వేరే టెన్షన్. ఇక గ్రీన్‌కార్డుల్లో దేశానికి ఏడు శాతం అనే పరిమితి చూడు. అది చట్టం. 2019 జులైలో దాన్ని ఎత్తేసే బిల్లు దిగువ సభలో 365-65తో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తన బిల్లు తను ఆమోదించింది. రెండు బిల్లుల పాఠం ఒకటి కాలేదు, సభల గడువు తీరిపోయింది, అంతే సంగతులు. బైడెన్ కూడా ఆ పరిమితి తీసేయిస్తానని రాసిచ్చిన వారే. గెలిచారు, బిల్లు పంపారు, అది కదల్లేదు. అదే మా మరిది గీత గీసిన 8.5 శాతం మాత్రం 2021లో కోవిడ్ సాయం చట్టంలో కలిసి, కొన్నేళ్ల గడువుతో, నిజంగానే వచ్చింది. పబ్లిక్ ఆప్షన్ రాలేదు. వచ్చే అభ్యర్థి ఎవరైనా గ్రీన్‌కార్డు లైను తీసేస్తానంటే, సెనేట్‌లో బిల్లు ఓటింగ్ దాకా రావడానికి కావాల్సిన 60 ఓట్లు ఎక్కడివి అని అడుగు.

‘ఎవరు ఇండియాకి అనుకూలం’ అనే గడి నా నోట్‌బుక్‌లో లేదు. ఒకప్పుడు ఉండేది. 2007లో, ఇద్దరూ 2008 ప్రైమరీకి పోటీ పడుతున్నప్పుడు, ఒబామా ప్రచార బృందం హిల్లరీ క్లింటన్‌ని ‘డెమోక్రాట్-పంజాబ్’ అని (ఇక్కడ సెనేటర్ పేరు పక్కన పార్టీ, రాష్ట్రం రాస్తారు) వెక్కిరిస్తూ ఒక కాగితం పంచింది, ఆమెకి భారతీయులతో, అవుట్‌సోర్సింగ్ కంపెనీలతో సంబంధాలున్నాయని. ఒబామా అది పొరపాటని తర్వాత ఒప్పుకున్నారు గానీ మా అసోసియేషన్ సంక్రాంతి డిన్నర్‌లో మాత్రం ఆయన పని అయిపోయింది, ‘ఈయన మనకి పనికిరాడు’ అని తేల్చేశారు. తేల్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పనికిరాని ఆయన ప్రభుత్వమే ఎనిమిదేళ్ల తర్వాత మన ఆడపిల్లల చేతిలో పని అనుమతి కార్డులు పెట్టింది. పైగా హిల్లరీతో ఆయన పెద్ద తగాదా ఇన్సూరెన్స్ అందరికీ తప్పనిసరి చేయాలా వద్దా అని. పిల్లలకి తప్ప వద్దన్నారు ఆయన, అందరికీ ఉండాల్సిందే అన్నారు ఆమె. 2010లో ఆయన సంతకం పెట్టిన చట్టంలో ఉన్నది ఆమె మాటే. ప్రైమరీలో సన్న తేడా మీద స్నేహాలు పాడుచేసుకునే వాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది అందుకే.

రక్తసంబంధం లెక్క కూడా అంతే. కమలా హ్యారిస్ అమ్మగారు తమిళనాడు మూలాలున్న శ్యామలా గోపాలన్ అని, 2019 నవంబరులో కమల దోసెలు వేసిన వీడియో మా గ్రూపుల్లో పదిసార్లు తిరిగింది. ఆ దోసెల వేడి చల్లారక ముందే, డిసెంబరు 3న, కమల ప్రైమరీ పోటీ నుంచి తప్పుకున్నారు. అదే పోటీలో ఉన్న తులసి గబార్డ్ భగవద్గీత మీద ప్రమాణం చేశారని ఇంకొందరు ఆమె వెంట పడ్డారు, ఆమె ఏ పన్ను గురించి ఏమన్నారో ఒక్కరికీ తెలియదు. దోసె, గీత రెండూ నాకూ ఇష్టమే. ఓటుకి కొలత అవి కావు.

శాండర్స్ సంగతి మాత్రం నీకు విడిగా చెప్పాలి, నువ్వు హెచ్‌-1బి కాబట్టి. 2009లో ఆయన, రిపబ్లికన్ సెనేటర్ గ్రాస్లీ కలిసి, ప్రభుత్వ సాయం తీసుకున్న బ్యాంకులు హెచ్‌-1బి వాళ్లని కొత్తగా తీసుకోవడం కష్టమయ్యేలా చట్టంలో ఒక మెలిక పెట్టించారు. మా అపార్ట్‌మెంట్ల పక్క బ్లాకులో ఉండే కుర్రాడికి ఒక బ్యాంకు ఇచ్చిన ఆఫర్ ఆ వేసవిలోనే వెనక్కి పోయింది. తక్కువ జీతానికి బయటివాళ్లని తెచ్చి ఇక్కడివాళ్లని తీసేస్తున్నారన్నది శాండర్స్ కోపం. కన్సల్టెన్సీకి నెలనెలా పర్సంటేజీ పోగొట్టుకునే పిల్లలకి ఆ కోపంలో కొంత న్యాయం ఉందనీ తెలుసు. మా ఆయన ఈ సంగతి తెలిసే ఆయన పేరు చుట్టూ సున్నా చుట్టారు.

ఇప్పుడు నేను ఓటు పాడుచేసుకున్న కథ. టెక్సాస్‌లో పార్టీ పేరుతో నమోదు ఉండదు, ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. అన్ని రాష్ట్రాలూ ఇలా కావు, న్యూయార్క్‌లో ముందే ఆ పార్టీలో నమోదై ఉంటేనే. 2020లో మా ఎర్లీ ఓటింగ్ (అసలు తేదీకి ముందే ఓటేసే వీలు) ఫిబ్రవరి 18 నుంచి 28 వరకు. అసలు తేదీ మార్చి 3, సూపర్ ట్యూస్‌డే, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే రోజు. నాకు మిన్నెసోటా సెనేటర్ ఏమీ క్లోబుచర్ నచ్చింది. మాట తక్కువ, లెక్క ఎక్కువ, ఏ బిల్లు ఎవరితో కలిసి పాస్ చేయించిందో చెప్పే మనిషి. గురువారం పని అయ్యాక లైబ్రరీకి వెళ్లి ఓటేసి, చొక్కాకి స్టిక్కర్ అంటించుకుని వచ్చాను.

29న సౌత్ కరోలినాలో బైడెన్ ఒక్క ఊపున గెలిచారు. అంతకు మూడు రోజుల ముందు అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఆయనకి మద్దతు చెప్పడంతో నల్లవారి ఓటు ఒకేవైపు మళ్లింది. మార్చి 1న బుటిజెజ్ తప్పుకున్నారు. 2న క్లోబుచర్ తప్పుకుని, విమానం ఎక్కి, ఎక్కడికొచ్చిందనుకున్నావు? మా డాలస్‌కే. మా ఇంటికి అరగంట దూరంలో, వేదిక మీద బైడెన్ పక్కన నిలబడి, ఆయనకే ఓటేయండి అని చెప్పింది. నేను ఎస్ప్రెసో కప్పు చేత్తో పట్టుకుని టీవీ ముందు అలాగే నిలబడిపోయాను. మా ఆయన స్టిక్కర్ వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

పైగా డెలిగేట్లు (పార్టీ సభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) రావాలంటే 15 శాతం దాటాలి. మా రాష్ట్రంలో ఆమె రెండు శాతం దగ్గర ఆగింది. టీవీ నిండా ప్రకటనలు గుప్పించి 50 కోట్ల డాలర్ల పైన ఖర్చు పెట్టిన న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ కూడా సూపర్ ట్యూస్‌డే నాడు మొదటి స్థానంలో గెలిచింది పసిఫిక్ దీవి అమెరికన్ సమోవా ఒక్కటే. ఫిబ్రవరి 19న లాస్ వేగస్ డిబేట్‌లో వారెన్ ఆయన్ని కడిగిపారేసింది. అంతకు ముందు రోజే మా దగ్గర ఆయనకి ఓటేసి వచ్చిన వాళ్లున్నారు పాపం. అందుకే పది మంది పోటీలో ఉన్నప్పుడు పోలిక ఒక్కసారి రాసి మూసేసే పని కాదు. డిబేట్ అయిన ప్రతిసారీ ఒకరి పేరు కొట్టేసుకుంటూ పోవాలి, ఎవరు ఇంకా నిలబడతారో కూడా చూసుకోవాలి. నువ్వు ఈసారి ఓటరువి కాదు కాబట్టి నీకు ఆ తొందర కూడా లేదు. హాయిగా చూసి నేర్చుకో. 2008లో నేను అలాగే గ్రీన్‌కార్డుతో గుమ్మంలో నిలబడి, పక్కింటి పెద్దావిడ పొద్దున ఓటేసి వచ్చి, మళ్లీ సాయంత్రం కాకస్‌కని (పార్టీ వాళ్లు ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సమావేశానికని) మడత కుర్చీ పట్టుకుని స్కూలుకి నడిచి వెళ్లడం చూశాను. అప్పట్లో టెక్సాస్‌లో రెండూ ఉండేవి. ఓట్లలో హిల్లరీ గెలిచింది, మొత్తం డెలిగేట్లు మాత్రం ఒబామాకే ఎక్కువ వచ్చాయి. ఆవిడ మర్నాడు ఆ లెక్క నాకు గంటసేపు చెప్పింది.

2028కి కొత్త నోట్‌బుక్ కొన్నాను. ఎర్లీ ఓటింగ్ ఆఖరి రోజు దాకా కూడా కాదు, అసలు తేదీ సాయంత్రం దాకా ఆగుతాను. మా ఆయన మాత్రం మొదటి రోజు పొద్దున్నే వెళ్లి వేసొస్తానంటున్నారు, పార్కింగ్ ఖాళీగా ఉంటుందట.