ఇమ్యునోథెరపీలో ఉండగా విరేచనాలా? లోపరమైడ్‌తో సరిపెట్టొద్దు

ప్రశ్న: నాన్నకు 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఎక్కిస్తున్నారు. మూడు డోసులయ్యాయి. అయిదు రోజులుగా రోజుకు ఆరుసార్లు విరేచనాలు. తిన్నది పడలేదేమోనని విరేచనాలు ఆపే లోపరమైడ్ వేశాం. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలయ్యాయి. తెల్ల కణాలు పెరిగిపోతే ఇలా అవుతుందట, నిజమేనా?
- ఓ పాఠకురాలు

సలహా: ఇక్కడ సమస్య తెల్ల కణాల సంఖ్యతో కాదమ్మా, వాటి కళ్లెంతో. టి-కణం అనే తెల్ల కణం మీద పీడీ-1 అనే రిసెప్టర్ (సంకేతం అందుకునే ప్రొటీన్) ఉంటుంది. ఇతర కణాల మీదుండే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ దానికి అతుక్కుంటే టి-కణం దాడి తగ్గిస్తుంది. సొంత ఒంటి మీదే విరుచుకుపడకుండా ఉన్న ఏర్పాటిది. చాలా క్యాన్సర్ కణాలు ఇదే పీడీ-ఎల్1ను పైన తొడుక్కుని తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్ వెళ్లి పీడీ-1ను కప్పేస్తుంది. దాంతో కళ్లెం కణితి దగ్గరే కాదు, ఒళ్లంతా వదులవుతుంది. పేగు, కాలేయం, థైరాయిడ్, ఊపిరితిత్తులు... దేనికైనా దెబ్బ తగలొచ్చు.

మామూలుగా రోజుకోసారి వెళ్లే మనిషైతే ఇప్పుడు అయిదుసార్లు ఎక్కువ. నాలుగు నుంచి ఆరు పెరిగితే తీవ్రతలో రెండో గ్రేడు. ఏడు, ఆపైన అయితే మూడోది, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. లోపరమైడ్ ఈ లెక్కను తగ్గించి చూపిస్తుంది, పేగు వాపు మాత్రం లోపల అలాగే ఉంటుంది. రక్తం, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే లెక్క చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఈ రోజే ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. తర్వాతి డోసు ఆపి, ఇన్ఫెక్షన్ ఉందేమో మలపరీక్షలో చూస్తారు. అవసరమైతే సిగ్మాయిడోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు చివరి భాగాన్ని చూసే పరీక్ష) చేస్తారు. ఇన్ఫెక్షన్ కాదని తేలితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. రెండో గ్రేడుకు సాధారణంగా కిలో బరువుకు 1 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి రోజుకు 60 మి.గ్రా. మీ అంతట మీరు మాత్రం వేయొద్దు. చాలామంది తప్పు చేసేది ఆ తర్వాతే: నాలుగు రోజుల్లో తగ్గిందని మానేస్తారు, వాపు తిరగబెడుతుంది. 4-6 వారాలపాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. షుగర్ ఉంటే ఆ రోజుల్లో తరచూ చూసుకోవాలి. 3-5 రోజుల్లో స్టెరాయిడ్‌కు లొంగకపోతే రోగనిరోధక దాడిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తారు. దానికి ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. మన దగ్గర నిద్రాణంగా ఉన్న టీబీ ఎక్కువ, ఈ మందుతో అది నిద్ర లేస్తుంది.

ఇంజెక్షన్లు ఆపేసిన కొన్ని నెలలకూ ఇలాంటివి రావచ్చు. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం, విపరీతమైన నీరసం కనిపించి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, వాడింది కీమో కాదు, ఇమ్యునోథెరపీ అని మందు పేరుతో సహా చెప్పండి.