పాఠాల తయారీకి కాకుండా ఏం చదవాలంటే

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. కాలేజీలో చేరి ఏడాది కూడా కాలేదు, అప్పుడే "మేడమ్, రేపటి క్లాసుకి నోట్సు రాసుకోవడానికి తప్ప పుస్తకం ముట్టుకోవడం లేదు, ఏం చదవాలో చెప్పండి" అన్నావు. ఇంత తొందరగా గమనించావు, నయం. నాకైతే పన్నెండేళ్లు పట్టింది. అన్నేళ్లూ నేను చదివినవి నా సబ్జెక్టు పుస్తకాలు, జవాబు పత్రాలు, సర్క్యులర్లు, అంతే. ఒకరోజు క్లాసు అయ్యాక ఒక కుర్రాడు వచ్చి, "మేడమ్, మీరు ఇది చదువుకునేటప్పుడు మీకు ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగాడు. వెటకారం కాదు. ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చని నిజంగానే అడిగాడు. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. అన్నీ పుట్టుకతోనే వచ్చేసినట్టు పాఠం చెప్పుకుంటూ పోతున్నానన్నమాట.

అందుకని నువ్వడిగిన లిస్టు కంటే ముందు ఒక మాట. నీ సబ్జెక్టుకి ఏ సంబంధమూ లేని, నీకు తేలిగ్గా మింగుడుపడని పుస్తకం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంచుకో. నేను చెప్పేది ఎకనామిక్స్, పట్టుకున్నది సంగీతం గురించిన పుస్తకం. మూడో పేజీకే తల తిరిగింది. రచయిత ఏదో పదం వివరించకుండా వాడేసి ముందుకు వెళ్లిపోతాడు, నేను అక్కడే ఆగిపోతాను, ఆ తర్వాత చెప్పిందేదీ బుర్రకెక్కదు, చివరికి నా తెలివితక్కువే అయ్యుంటుందిలే అని పుస్తకం మూసేశాను. మర్నాడు క్లాసులో మొదటి నిమిషంలోనే "ఎలాస్టిసిటీ" అనేసి ముందుకు సాగబోతుంటే నాకే నవ్వొచ్చింది. ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఇక వృత్తి పుస్తకాలు. వీటిలో చాలావరకు ఒక్క ఆలోచనను మూడొందల పేజీలకు సాగదీసినవే, మొహమాటపడకుండా మధ్యలో వదిలెయ్. వదలకూడనిది 2004లో వచ్చిన కెన్ బెయిన్ పుస్తకం, 'వాట్ ద బెస్ట్ కాలేజ్ టీచర్స్ డూ'. చిన్నదే. మంచి అధ్యాపకులు "నేనేం చెప్పాలి" అని కాకుండా "వీళ్లు చివరికి ఏం చేయగలగాలి" అన్న చోట మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటారని చూపిస్తాడు. చదవగానే నా పాఠాల నోట్సు సగం కొట్టేశాను.

ఎరిక్ మజూర్ 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' (1997) ఫిజిక్స్ వాళ్ల కోసం రాసిందే, కానీ మొదటి భాగం ఎవరైనా చదవొచ్చు. హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూ విద్యార్థుల దగ్గర మంచి పేరు కూడా తెచ్చుకున్న మనిషి. బలం, చలనం మీద మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలతో ఒక పరీక్ష పెడితే, ఒక విద్యార్థి "దీనికి జవాబు ఎలా రాయాలి, మీరు చెప్పిన ప్రకారమా, నేను మామూలుగా ఆలోచించే ప్రకారమా?" అని అడిగిందట. లెక్కలు చేసేస్తున్నారు, విషయం మాత్రం తలకెక్కలేదు. అప్పటినుంచి ఆయన క్లాసులో ప్రశ్న వేసి, ఎవరి జవాబు వాళ్లు ఎంచుకున్నాక, పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి, మళ్లీ ఎంచుకోమనడం మొదలుపెట్టాడు. ఖర్చు లేని పద్ధతి, కాస్త గోల భరించాలి.

జ్ఞాపకం గురించి 'మేక్ ఇట్ స్టిక్' (2014) చదువు. దాని రచయితల్లో ఒకరైన మనస్తత్వ శాస్త్రవేత్త రోడిగర్, తోటి పరిశోధకుడు కార్పికీతో కలిసి 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే మాత్రం, చదివి, మూసేసి, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. రాత్రంతా చదివి పొద్దున మర్చిపోయే పిల్లలకి ఇది చెప్పి తీరాలి. నేను క్లాసు మొదట్లో నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలిచ్చి ఐదు నిమిషాలు రాయించేదాన్ని. మొదటి ఏడాది వాటికి మార్కులు పెట్టి చెడగొట్టుకున్నాను: టెన్షన్, కాపీ, ఆ తర్వాత బతిమాలడాలు. మార్కులు తీసేశాక దారిలో పడింది.

బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరే 'పెడగాజీ ఆఫ్ ద అప్రెస్డ్' గురించి అందరూ చెబుతారు. బరువైన పుస్తకం, ఒక్క బిగిన పూర్తి చేయాలని కూర్చోకు. ముందు రెండో అధ్యాయం చదువు, విద్యార్థిని ఖాతాలా, పాఠాన్ని డిపాజిట్‌లా చూసే చదువు మీద ఆయన పెట్టిన చివాట్లు అక్కడున్నాయి. ఒక హెచ్చరిక. ఒక పుస్తకం నుంచి ఒక సెమిస్టర్‌కి ఒక్క మార్పే క్లాసులోకి తీసుకెళ్లు. నేను ఒకసారి నాలుగు ఒకేసారి మొదలుపెడితే పిల్లలు "ఈ వారం ఏం కొత్తది మేడమ్?" అని ఆటపట్టించారు.

సరదాకి చదివేవి వేరు. వాటి దగ్గరికి పెన్సిల్ తీసుకెళ్లకు. డిటెక్టివ్ నవలలు చదువుతున్నానని సిగ్గుపడ్డావు చూడు, అదేం నేరం కాదమ్మా, పేపర్లు దిద్దిన రాత్రి ఫ్రెయిరే ఎవరికి ఎక్కుతాడు? కానీ మన ఉద్యోగం మీదే మనం నవ్వుకోవడానికి డేవిడ్ లాడ్జ్ నవల 'ఛేంజింగ్ ప్లేసెస్' (1975) దొరికితే వదలకు. అందులో ప్రొఫెసర్లు ఒక ఆట ఆడతారు, తను చదవని పుస్తకం పేరు చెప్పాలి, దాన్ని మిగతావాళ్లు ఎంతమంది చదివుంటే అన్ని పాయింట్లు. ఎలాగైనా గెలవాలన్న పంతంతో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే ఒక ప్రొఫెసర్ షేక్‌స్పియర్ "హామ్లెట్" పేరు చెప్పేస్తాడు. ఆట గెలుస్తాడు, ఉద్యోగం పోతుంది. చదవనివి చదివినట్టు స్టాఫ్ రూమ్‌లో తలాడించే అలవాటు నాకు ఆ పుస్తకంతో పోయింది.

ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ జ్ఞాపకాల పుస్తకం 'ష్యూర్లీ యు ఆర్ జోకింగ్, మిస్టర్ ఫైన్‌మన్' (1985)లో బ్రెజిల్‌లో పాఠాలు చెప్పిన భాగం కూడా చదువు. నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పే విద్యార్థులు, కిటికీలోంచి కనిపించే నీళ్ల మీద అదే సూత్రం పనిచేస్తోందంటే తెల్లబోతారు. 'రైలుబడి' (జపాన్ పుస్తకం 'తొత్తొచాన్'కు తెలుగు) చిన్నపిల్లల పుస్తకమని పక్కన పెట్టకు. బడిలో చేరడానికి వచ్చిన మొదటి రోజే తొత్తొచాన్ అనే చిన్నపిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు విన్న హెడ్మాస్టరు అందులో ఉన్నాడు. మనం ఒక విద్యార్థి మాట నాలుగు నిమిషాలు వినం.

ఎప్పుడు చదవాలంటావా, రాత్రి పెట్టుకోకు, నిద్రొస్తుంది. పొద్దున ఫోన్ తెరవకముందు ఇరవై నిమిషాలు చాలు.

జాన్ విలియమ్స్ 'స్టోనర్' మాత్రం నేనే పంపుతున్నాను. 1965 నాటి నవల. వ్యవసాయం చదవడానికి యూనివర్సిటీకి వెళ్లి, సాహిత్యంలో పడి, అక్కడే పాఠాలు చెబుతూ పెద్ద పేరేమీ రాకుండానే పోయిన ఒక మనిషి కథ. నీకిప్పుడు నీరసంగా అనిపిస్తే పక్కన పడేసి నాలుగేళ్ల తర్వాత తియ్. పెన్సిల్ తీసుకెళ్లొద్దని నీకు చెప్పి నేనే దాని నిండా గీతలు పెట్టాను, పట్టించుకోకు. ఎవరికీ అప్పివ్వకు, ఇంతకుముందు రెండు కాపీలు అలాగే పోయాయి.