పదవీ విరమణ వయసు కన్నా పింఛను సర్వీసు ముఖ్యం

రాయగడ జిల్లా గుణుపురం నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అబ్బాయికి 22 ఏళ్లు. డిప్లొమా అయింది. రాయగడలో ఒక కర్మాగారంలో 14,000 బేసిక్‌తో ఉద్యోగం వచ్చింది. పార్వతీపురంలో ఉండే మా బావగారు మాత్రం, ఆంధ్రాలో 62 ఏళ్ల దాకా కొలువు, ఆపైన పింఛను ఉంటాయి, ప్రభుత్వ పరీక్షలే రాయించమంటున్నారు. ఏం చేయమంటారు?"

మీ బావగారు చెప్పిన వయసు సరైనదే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62. ఒడిశాలో 2014 నుంచి 60. అయితే వయసు పెరిగినంత మాత్రాన, ప్రభుత్వమే పూర్తిగా భరించే పాత పింఛను తిరిగి రాలేదు: ఆంధ్రాలో 2004 సెప్టెంబరు 1 నుంచి, ఒడిశాలో 2005 జనవరి 1 నుంచి చేరినవారికి అది వర్తించదు. పైగా ఒడిశాలో చదువుకున్న మీ అబ్బాయి ఆంధ్రాలో నాన్‌లోకల్ అవుతాడు. అక్కడి జిల్లా స్థాయి పోస్టుల్లో సింహభాగం స్థానికులవే. పరీక్షలు రాయనివ్వండి, కానీ వాటి కోసం చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదలనివ్వకండి.

ఈ ఉద్యోగంలో యజమాని కట్టే 12 శాతం పీఎఫ్ వాటాలో 8.33 శాతం, అంటే నెలకు 1,166 రూపాయలు, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి వెళుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58వ ఏట పింఛను మొదలవుతుంది. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. పింఛను లెక్కకు తీసుకునే జీతానికి ఇప్పుడున్న 15,000 పరిమితి మీద 35 ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు సుమారు 7,500. అది ఇల్లు గడవడానికి చాలదు కనుక, మొదటి జీతం నుంచే ఎంతో కొంత విడిగా జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్)లో వేయించడం మంచిది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన మూడు చోట్ల పనిచేసి, మారిన ప్రతిసారీ పింఛను సొమ్ము తీసేసుకున్నారు. 58 నిండేసరికి ఆయన ఖాతాలో మిగిలింది ఆరేళ్ల సర్వీసే. మీ అబ్బాయి ఎన్ని కంపెనీలు మారినా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) ఒక్కటే ఉండాలి, సొమ్ము బదిలీ కావాలే తప్ప చేతికి రాకూడదు.

మన సరిహద్దు ఊళ్లలో పేరు చిక్కు కూడా ఉంది. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, ఒడియా బడి సర్టిఫికెట్‌లో అది చివరికి పోతుంది. ఆధార్‌లో ఒకలా, పీఎఫ్‌లో మరోలా ఉంటే క్లెయిము ఆగిపోతుంది. చేరేటప్పుడే రెండూ అక్షరం తేడా లేకుండా చూసుకోండి. మూడో నెలలో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, పింఛను గడిలో 1,166 పడకపోతే ఆ వారమే హెచ్‌ఆర్‌ను అడగమనండి.