కొడుకు పేరు మీద ఆ కాగితం రాయకండి

ప్రశ్న: అమ్మా, నాకు 37 ఏళ్లు. విద్యుత్ సంస్థలో ఏడీఈని (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుని). చేరి పదమూడేళ్లయింది. అంతా హెడ్డాఫీసులోనే: ప్లానింగు, ఎస్టిమేట్లు, టెండర్లు. ఇప్పుడు డీఈగా (డివిజనల్ ఇంజనీరుగా) ప్రమోషన్ వచ్చింది, కానీ హైదరాబాద్‌కి రెండు వందల కిలోమీటర్ల అవతల డివిజన్‌కి వేశారు. పది సబ్‌స్టేషన్లు, వందకు పైగా స్టాఫు. మావారు సాఫ్ట్‌వేర్. "వద్దని రాసిచ్చెయ్. బాబుని వదిలి ఎలా ఉంటావ్? రాత్రి రెండింటికి బ్రేక్‌డౌన్ అంటే వెళ్తావా? నలుగురూ ఏమనుకుంటారు?" అంటున్నారు. బాబుకి ఎనిమిదేళ్లు. వాడికి రెండేళ్లప్పుడు ఈయన ఆన్‌సైట్‌కి వెళ్లి పద్నాలుగు నెలలు అమెరికాలో ఉన్నారు. అప్పుడు నేనూ అత్తయ్యా చూసుకున్నాం. అత్తయ్య ఇప్పుడు కూడా "నేనున్నాగా, వెళ్లు" అంటూ రైళ్ల టైములు కూడా కనుక్కున్నారు. మా పై ఆఫీసరు చాలా మంచివారు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ తిప్పలు, ఇక్కడే ఉండేలా చూస్తా" అంటున్నారు. నిజానికి నేను ఇంతవరకు ఒక్క ఎల్‌సీ (లైన్ క్లియర్) కూడా తీసుకోలేదు. బాబు కోసం ప్రమోషన్ మానుకుంటే తప్పా? జాయినవడానికి మూడు వారాల గడువుంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బాబు మాట పదేపదే వచ్చింది. ఎల్‌సీ మాట ఒక్కసారే, అదీ చివర్లో, నోరు జారినట్టు వచ్చింది. నా చూపు మాత్రం అక్కడే ఆగిపోయింది.

నాకు ఇంట్లో ఫ్యూజు పోతే వేసుకోవడం కూడా రాదు. అందుకని మా కాలనీలో ఉన్న రిటైర్డ్ డీఈ గారి దగ్గరికి వెళ్లి ఎల్‌సీ అంటే ఏమిటో చెప్పించుకున్నాను. మీకు తెలిసిందే, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. లైను మీద మనిషి చెయ్యి పెట్టాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీయాలి. ఐసోలేటర్లు, అంటే లైనుని విడదీసే కత్తుల్లాంటి స్విచ్‌లు, తెరవాలి. తెరుచుకున్నాయని ప్యానెల్ మీద లైటు చెబితే సరిపోదు, యార్డులోకి వెళ్లి కత్తులు విడిపోయాయో లేదో కళ్లతో చూడాలి. ఎర్త్ చేయాలి. తాళం వేసి, బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో టైము రాసి సంతకం పెట్టాలి. అదీ లైన్ క్లియర్. దాన్ని తీసుకున్న మనిషే, కింద అందరూ దిగారని తలలు లెక్కపెట్టుకుని తిరిగిస్తే తప్ప ఆ లైనుకి కరెంటు ఎక్కించకూడదు. ఆయన తన మొదటి ఎల్‌సీ రోజు గుర్తు చేసుకున్నారు. టవర్ మీదున్నవాడు దిగి చెప్పులు వేసుకునేదాకా మంచినీళ్లు కూడా గొంతు దిగలేదట.

మీ భయం ఇదే అనుకుంటున్నాను. పదమూడేళ్ల సర్వీసుతో డీఈ కుర్చీలో కూర్చున్నాక, పాతికేళ్లుగా పోళ్లెక్కుతున్న ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి "మేడమ్, ఏం చేద్దాం?" అని అడిగితే నోరు పెగలదేమోనని. ఆ భయం సిగ్గుపడాల్సింది కాదు. ఎల్‌సీ అంటే భయం లేని ఇంజనీరు చేతికింద పనిచేయడానికి నేనైతే ఇష్టపడను. కానీ దాన్ని బాబు వెనకాల దాచకండి. ఇవాళ "బాబు కోసం వదులుకున్నాను" అని రాసిస్తే, పదేళ్ల తర్వాత వాడు మార్కులు తక్కువ తెచ్చుకున్న రోజున ఆ మాట మీ నోటి నుంచే బయటికొస్తుంది. వాడు అడగని త్యాగానికి వాడు బాకీ పడతాడు.

ఇక మీ ఆఫీసరు గారు. మంచివారే, అనుమానం లేదు. పదమూడేళ్లలో మిమ్మల్ని ఎండలోకి పంపకుండా కాపాడినవాళ్లంతా మంచివాళ్లే అయ్యుంటారు. ఆ మంచితనమే మీకు యార్డు తెలియకుండా చేసింది. మీతోపాటు చేరిన మగవాళ్లని వానలో, తుపానులో తిప్పారు కాబట్టి వాళ్లకి ఇవాళ డివిజన్ అంటే లెక్కలేదు. (నీడపట్టు పోస్టింగు మీకూ హాయిగానే ఉండి ఉంటుంది, ఆ మాట కూడా ఒప్పుకుందాం.) మన చట్టాలూ ఇలాంటి మంచితనమే చూపించాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్లతో రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పనిచేయించకూడదంది. రక్షణ పేరుతో షిఫ్ట్ ఇంజనీరు కుర్చీ దక్కకుండా పోయింది. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడవాళ్లు పనికిరారంటే, సిద్దిపేట జిల్లా అమ్మాయి శిరీష హైకోర్టుకు వెళ్లి, పోలెక్కే పరీక్ష పాసై, 2022లో నియామక పత్రం అందుకుంది.

రేపు అలాంటి అమ్మాయి మీ డివిజన్‌కి వస్తే, చాలా సబ్‌స్టేషన్లలో ఆవిడ మొదట వెతుక్కునేది బాత్‌రూమ్. దానికి ఎస్టిమేట్ వేసి, శాంక్షన్ తెప్పించి, తలుపుకి గడియ కూడా ఉందో లేదో చూసే డీఈ కావాలి. ఎస్టిమేట్లలో మీ చెయ్యి తిరిగిందే కదా. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడుందో, ఎక్కడ ఓవర్‌లోడ్ కాబోతోందో ప్లానింగులో కూర్చున్న మీకు తెలిసినంతగా ఫీల్డులో ఎందరికి తెలుసు? అర్ధరాత్రి బ్రేక్‌డౌన్ వస్తే డీఈ టవర్ ఎక్కక్కర్లేదు. ఎవర్ని పంపాలి, ఏ లైను నుంచి సప్లై మళ్లించాలి, ఏ ఆస్పత్రికి ముందు ఇవ్వాలి అని తేల్చాలి. రెండింటికి ఫోనొస్తే వెళ్తావా అని అడిగారు కదా మీవారు, కొన్నిసార్లు వెళ్లాల్సే వస్తుంది, డ్రైవరూ జీపూ ఉంటాయి అని చెప్పండి.

ఈ మూడు వారాల్లో చేయాల్సింది చెబుతాను. ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లి "నన్ను ఇక్కడే ఉంచాలనుకున్నారు, థాంక్స్ సార్. దానికి బదులు ఇంకో సాయం చేయండి. పది రోజులు దగ్గర్లోని 132 కేవీ సబ్‌స్టేషన్‌కి అటాచ్ చేయండి" అని అడగండి. మెయింటెనెన్స్ కోసం షట్‌డౌన్ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని ఆపరేటర్ పక్కన నిలబడి, ఎల్‌సీ మొదలు నుంచి తిరిగిచ్చేదాకా మొత్తం చూడండి. రెండోసారి మీరే తీసుకోండి, అనుభవమున్న అసిస్టెంట్ ఇంజనీరుని పక్కన పెట్టుకుని. "నాకు రాదు, నేర్పండి" అన్న ఇంజనీరుని స్టాఫు చులకనగా చూస్తారనుకుంటాం. రాకపోయినా వచ్చినట్టు నటించే ఆఫీసర్ని చూసి వాళ్లు నవ్వుకోవడమే నేను ఎక్కువ విన్నాను.

వద్దని రాసిచ్చే ముందు, వదులుకున్న ప్రమోషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో, మీ సంస్థ సర్వీసు రూల్సులో ఏముందో రాతపూర్వకంగా అడగండి. "తర్వాత చూద్దాంలే" అని కారిడార్లో చెప్పే మాటకి విలువ లేదు.

మీవారి దగ్గర ఆ పద్నాలుగు నెలల సంగతి ఎత్తండి, కానీ దెప్పిపొడుపుగా కాదు. "అప్పుడు నువ్వు వెళ్లలేదా?" అంటే ఆ రాత్రికి గొడవే మిగులుతుంది. కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. అప్పుడు ఏయే పనులు ఎవరు చేశారు? టీకాలకు ఎవరు తీసుకెళ్లారు, జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారు, మీరు ఎన్నింటికి వీడియో కాల్ మాట్లాడేవారు? అదే లిస్టులో ఇప్పుడు మీ పేరున్న చోట ఆయన పేరు రాయండి. అప్పుడు అమెరికా, ఇప్పుడు రెండు వందల కిలోమీటర్లు, శనివారం రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. నలుగురూ ఏమనుకుంటారన్న మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆ నలుగురూ ఆన్‌సైట్ అప్పుడు స్వీట్లు తిని వెళ్లుంటారు. ఎల్‌సీ భయం కూడా ఆయనకి చెప్పండి. బహుశా ఇంతవరకు చెప్పి ఉండరు.

లలిత గారి గురించి వినే ఉంటారు. మన తెలుగింటి ఆడపడుచు, దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, నెలల పసిబిడ్డతో మిగిలి, మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆ కాలేజీ సర్టిఫికెట్ మగవాళ్ల కోసమే అచ్చు వేసింది కాబట్టి, ఇంగ్లీషులో "అతడు" అన్న మాట కొట్టేసి చేత్తో "ఆమె" అని రాసిచ్చారు. తర్వాత కలకత్తాలో భాక్రానంగల్ జనరేటర్ల మీద పనిచేశారు. ఆవిడ కూడా ఒంటరిగా నెగ్గుకురాలేదు, సోదరుడి కుటుంబం అండగా ఉంది, కూతురు ఆ ఇంట్లోనే పెరిగింది.

ఇవన్నీ చేశాక కూడా "నాకు ఈ పని మీద మనసు లేదు" అనిపిస్తే వదిలేయండి, అది మీ ఇష్టం. కాకపోతే కాగితం మీద కారణం మీదే రాయండి.

మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. రైళ్ల టైములు కనుక్కున్నారన్నారు కదా, తిరుగు రైలుకి కూడా కనుక్కోమనండి. ఆదివారం సాయంత్రానిది.