కృత్రిమ మేధ వస్తే లాయర్లతో పని ఉండదా?

ఈ ప్రశ్న అడిగినాయన కోర్టు మెట్లు ఎక్కి ఉండరు. ఎక్కినవాళ్లెవరూ "లాయర్లు పోతారా" అని అడగరు, "వాయిదాలు పోతాయా" అని అడుగుతారు. వాయిదాలు పోవు.

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. పోయినేడు జరిగింది చెబుతాను.

40 సెంట్ల పొలం. మా క్లయింటు 2011లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని, డబ్బంతా ఇచ్చేసి, దున్నుకుంటున్నాడు. రిజిస్ట్రేషన్ రేపు మాపు అంటూ ఆగిపోయింది. అమ్మినాయన పోయాక కొడుకులు గట్టు మీదికొచ్చారు. వాళ్లు పొలం జోలికి రాకుండా ఆపమని ఇంజంక్షన్ దావా వేశాం. విచారణలో ఆ అగ్రిమెంటు మార్కు చేయించాలి, అంటే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకునేలా చేయాలి. రిజిస్టర్ కాని కాగితం కాబట్టి అవతలివాళ్లు అడ్డం పడతారని తెలుసు. మా జూనియర్ అమ్మాయి ముందురోజు రాత్రి చాట్‌జీపీటీని అడిగి నాలుగు పేజీల నోట్ తయారుచేసింది. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్, రిజిస్టర్ కాకపోయినా స్వాధీనం చూపించడానికి, అంటే కొలాటరల్ పర్పస్‌కి పనికొస్తుందన్న వాదన, కింద మూడు తీర్పులు. ఆ ఇంగ్లీషు చూసి నాకే అసూయ వేసింది.

నేను పాతకాలం వాణ్ని. పొద్దున్నే బార్ లైబ్రరీకి వెళ్లి తీర్పులు అచ్చేసే ఏఎల్టీ (ఆంధ్రా లా టైమ్స్) వాల్యూములు దించాను. రెండు తీర్పులు ఉన్నాయి. మూడోది ఉండాల్సిన పేజీలో ఏదో అద్దె తగాదా ఉంది. సంవత్సరం, పేజీ నంబరు, పార్టీల పేర్లు అన్నీ ఇచ్చింది, కేసు మాత్రం పుట్టనే లేదు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో ఇలాగే లేని తీర్పులు చూపించిన లాయర్లకి జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. నాకా గతి పట్టలేదులే అనుకుని దాన్ని కొట్టేసి, దొంగను పట్టుకున్న సంబరంతో కోర్టుకి వెళ్లాను.

అవతలి సీనియర్ గారు రిజిస్ట్రేషన్ ఊసే ఎత్తలేదు. అగ్రిమెంటు అడిగి తీసుకుని ఒక్క లైను చదివారు: "సదరు భూమిని ఈ దినమే మీ స్వాధీనము చేసియున్నాను." చదివి, "షెడ్యూల్ 1-ఎ, ఆర్టికల్ 47-ఎ" అని కూర్చున్నారు.

మన దగ్గర స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అమ్మకపు అగ్రిమెంటుకి అమ్మకం దస్తావేజుకి కట్టినంత స్టాంపు డ్యూటీ కట్టాలి. కట్టకపోతే స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం ఆ కాగితం సాక్ష్యంగా ఏ పర్పస్‌కీ పనికిరాదు, కొలాటరల్‌కి కూడా. నాలుగు పేజీల నోట్ ఫైల్లోనే ఉండిపోయింది. కోర్టులోనే కట్టి మార్కు చేయించుకోవాలంటే లోటు డ్యూటీ, దానికి పదింతల పెనాల్టీ. డ్యూటీ 5 శాతం అనుకుంటే మొత్తం కలిపి పొలం విలువలో 55 శాతం. మా క్లయింటు మొహం చూడలేకపోయాను. కాగితాన్ని జిల్లా రిజిస్ట్రార్‌కి పంపించమని అడిగాం. అక్కడైతే పెనాల్టీ తగ్గించే వీలుంటుంది.

సాయంత్రం ఆ అమ్మాయి స్వాధీనం సంగతి కూడా రాసి చాట్‌జీపీటీనే మళ్లీ అడిగింది. టకటకా 47-ఎ చెప్పేసింది. "దానికి తెలుసు సార్!" అంది. తెలుసమ్మా, మనమే చెప్పలేదు. ఆ గొలుసుకట్టు తెలుగు రాతని మూడు ఇంగ్లీషు ముక్కలుగా కుదించి అడిగినప్పుడు ఆ లైను జారిపోయింది. ఆ పిల్లని అనడానికి నాకు నోరు లేదు, దావా వేసేముందు ఆ కాగితం రెండుసార్లు చదివింది నేనే.

అందుకే అంటున్నాను, సెక్షన్లు తెలియడం ఎప్పుడూ కష్టం కాదు. క్లయింటు చెప్పనిది కాగితంలో వెతకడమే మా పనిలో ముప్పాతిక. ఈ మధ్య క్లయింట్లు ఫోన్ పట్టుకొచ్చి "ఇదిలా చెప్పిందండీ, మీరేంటి వేరేలా చెబుతున్నారు" అంటున్నారు. 2024 జూలై 1 నుంచి మోసం సెక్షన్ 420 కాస్తా కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 318(4) అయింది, వాళ్ల ఫోనేమో ఒకరికి పాతది, ఒకరికి కొత్తది చెబుతుంది. వివరించేసరికి అరగంట పోతుంది, దానికి ఫీజు లేదు.

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా కోర్టులకి ఒక విధానం ఇచ్చింది, కృత్రిమ మేధని నిర్ణయాలకి, తీర్పులకి వాడకూడదని. బాగుంది. జడ్జీలకైతే రాశారు, ప్లీడర్లకి ఎవరు రాస్తారు? అయినా నన్నడిగితే ఈ తెలివంతా వాదనల మీద కాదు, సమన్లు అందాయో లేదో చూడ్డం మీద పెట్టాలి. సమన్లు అందక మూడేళ్లుగా కదలని దావా ఒకటి నా బీరువాలో ఉంది.

మా అగ్రిమెంటు ఇంకా రిజిస్ట్రార్ దగ్గరే ఉంది. మొన్న క్లయింటు వచ్చి, "ఆ కంప్యూటర్‌కి కూడా ఫీజు ఇచ్చారా ప్లీడరు గారూ?" అని అడిగాడు. లేదన్నాను. ఆ వాయిదాకి నేనూ తీసుకోలేదు.